చేదు రాని చుక్క

పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, మిషను మీద గుడ్డ దులిపి, కళ్లలో మందు వేసుకోవడం ఈ మధ్య నాకు అలవాటైన పని. ఎచ్చెర్లలో యూనివర్సిటీకి వెళ్లే దారిలో మాది చిన్న కుట్టు కొట్టు. చదువుకునే ఆడపిల్లలు హడావుడిగా వచ్చి కొలతలిస్తారు, అంతకంటే హడావుడిగా వచ్చి ఇంకా కుట్టలేదని మూతి ముడుస్తారు. ఈ రోజు కుడి కంట్లో చుక్క వేసుకుని, రెప్ప మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కి పట్టుకున్నాను. ఇంతలో గుమ్మంలోంచి ఒక పిల్ల "ఆంటీ, నా డ్రెస్సు అయిందా?" అని అరిచింది. అటు తిరిగేసరికి వేలు జారింది. కాసేపటికి గొంతు వెనక నుంచి చేదు దిగింది. నాలుకకు తగిలి పోయే చేదు కాదు అది. గొంతులో తిష్ట వేసుకుని కూర్చునే మొండి చేదు.

ఆ పిల్లను సాయంత్రం రమ్మని పంపేశాను. నిజానికి ఆ డ్రెస్సు అయిపోయింది, సంచిలో మడతపెట్టి ఉంది. కానీ లేచి తీసివ్వాలనిపించలేదు. ఆ చేదు గొంతులో పడితే చాలు, మా అప్ప వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. ఎడమ కంటికి ఇంకా మందు వేసుకోలేదు. సీసా చేతిలోనే ఉంది.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ నాకు అక్క కాదు, దగ్గరి చుట్టమూ కాదు. పేరు అప్పలనరసమ్మ. చీపురుపల్లిలో వర్తకుల వీధి చివర చిన్న గదిలో జాకెట్లు కుట్టేది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. వీధిలో అందరికీ అప్పే. మాది ఆ దగ్గరలోనే పల్లెటూరు, వరీ మొక్కజొన్నా పండించుకునే కుటుంబం. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని అమ్మతో గొడవలు పడుతుంటే, విసుగెత్తి అమ్మే నన్ను తీసుకెళ్లి ఆవిడ ముందు నిలబెట్టింది.

"ఏటే గుంటా, కుట్టొచ్చా?" అంది అప్ప, తల ఎత్తకుండానే.

"రాదు."

"మంచిదే. వొచ్చినోల్లకి నేర్పడం మా సెడ్డ కష్టం. అలా కూకో. నాను ఇప్పమన్నయి ఇప్పు."

గుంట అంటే మా దగ్గర ఆడపిల్ల. పెళ్లయి, నాకు పిల్ల పుట్టాక కూడా ఆవిడకు నేను గుంటనే. ఆ మొదటి రోజుల్లో నేను ఒక్క కుట్టు కూడా కుట్టలేదు, విప్పడమే నా పని. పాత కుట్లు విప్పుతుంటే చేతికి ఓపిక వస్తుందని ఆవిడ నమ్మకం. నాకు మాత్రం ఒళ్లు మండేది. దారం తెంపబోయి బట్ట చింపిన రోజున కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. ఆ చిరుగు మీద ఎవరూ కనిపెట్టలేనట్టు అల్లుకుట్టు వేసి, "ఇప్పుడు సూడు, ఎక్కడ సిరిగిందో నీకే తెల్దు" అని నా చేతికిచ్చింది. నాకు నిజంగానే తెలియలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఏం చెప్పినా విన్నాను.

వచ్చిన ఆడవాళ్లు మెడ ఇలా ఉండాలి, చెయ్యి అలా ఉండాలి అని ఎంతసేపు చెప్పినా అప్ప ఒకే మాట అనేది: "అలాగేనమ్మా." వాళ్లు వెళ్లగానే కత్తెర తీసుకుని తనకు తోచినట్టు కత్తిరించేది. ఇదేం మోసం అని నేనడిగితే నవ్వింది. "ఆళ్ల నోరు ఒకటి సెప్తాది, ఒళ్లు ఇంకోటి సెప్తాది. నాను ఒంటి మాట ఇంటాను." తీరా తొడుక్కున్నాక ఒక్కరూ గొడవ పెట్టుకునేవారు కాదు. అందుకే అప్ప నోట "అలాగేనమ్మా" వినిపించిందంటే, ఎదుటి మనిషి మాట ఆవిడ వినలేదని నాకు అర్థమైపోయేది.

ఆవిడ నాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది లోపల బట్ట వదలడం. ఎంత బిగుతుగా కుట్టమన్నా ప్రక్క కుట్టు లోపల రెండు వేళ్ల మేర బట్ట మడిచి ఉంచేది. కొత్త టైలర్లు అది తీసేస్తారు, కుట్టు శుభ్రంగా కనిపిస్తుందని. "ఆడమనిసి ఒళ్లు రేపు ఎలాగుంటాదో దానికే తెల్దే గుంటా. ఇప్పుకోడానికి కాసింత వొగ్గాల" అనేది. ఈ రోజుకీ నా కొట్టులో కుట్టిన ఏ జాకెట్టైనా తిరగేసి చూడండి, ఆ బట్ట ఉంటుంది.

ఆవిడ కళ్ల సంగతి మొదట టీ గ్లాసుల వల్ల తెలిసింది. పక్కన పెట్టిన గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది. "ఎవులెట్టారే ఇక్కడ?" అని నన్నే కేకలేసేది. తనే పెట్టుకుంది, నేను చూశాను. తరువాత గుమ్మం అంచు భుజానికి తగలడం మొదలైంది. ఒకసారి ఒక జాకెట్టు చెయ్యి కత్తిరిస్తూ, పక్కన పరిచి ఉన్న ఇంకొకరి పట్టుబట్ట కూడా కలిపి కత్తిరించేసింది. అలాంటి పొరపాటు ఆవిడ చేతిలో నేనెప్పుడూ చూడలేదు.

ఆసుపత్రికి వెళ్దామంటే మాత్రం సూదీ దారం తీసింది. ఒక్క విసురులో దారం సూది బెజ్జంలోకి ఎక్కించి నా ముక్కు ముందు ఆడించింది. "నువ్వెక్కించు సూద్దాం. నాకేటి కళ్లు కనబడవా?" నేను తడి చేసుకుని, మెలిపెట్టి, తంటాలు పడితే గానీ ఎక్కలేదు. ఎదురుగా ఉన్నది అంత బాగా కనిపించే మనిషికి పక్కనున్నది కనిపించకుండా పోతుందని మా ఇద్దరిలో ఎవరికి తెలుసు! కుట్టు పనికి కావలసింది ఎదుటి చూపు. అది చివరి దాకా నిలిచి ఆవిడను మోసం చేసింది.

విజయనగరంలో కంటి ఆసుపత్రికి నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతూ వస్తోందట. "పక్క చూపు చాలా వరకు పోయిందమ్మా. పోయింది తిరిగి రాదు. ఈ చుక్కలు రోజూ వేసుకుంటే మిగిలింది నిలబడుతుంది. ఒక్క పూట కూడా మానకూడదు" అన్నాడు డాక్టరు. అప్ప బుద్ధిగా తల ఊపింది. బయటికొచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చుని సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏసుకుంటే బాగవదంట. ఏసుకోపోతే నొప్పెట్టదంట. ఇదేటి మందే గుంటా?"

"ఉన్న చూపు ఉంటుందప్పా."

"ఉన్నది ఎలాగూ ఉన్నాది కదే."

ఆ మాటకు సమాధానం ఇప్పుడైతే ఉంది, చెప్పడానికి ఆవిడ లేదు.

అక్కడి నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మందు వేసుకునే పద్ధతి చూపించింది. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న జేబులా అవుతుంది. అందులో ఒక్కటే చుక్క పడాలి, సీసా మొన రెప్పకు గాని వెంట్రుకకు గాని తగలకూడదు. కళ్లు మెల్లగా మూసుకోవాలి, చికిలించకూడదు, టపటపా ఆర్పకూడదు, కొంగుతో తుడవకూడదు. ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. "ఆ మూల నుంచి గొంతులోకి దారి ఉంటుందమ్మా. నొక్కకపోతే మందు గొంతులోకి జారిపోతుంది, చేదొస్తుంది. కంటికి మిగిలేది తక్కువ" అంది నర్సమ్మ.

"అలాగేనమ్మా" అంది అప్ప.

అనుకున్నంతా అయింది. మర్నాడు సాయంత్రం కొట్టులో నా ఎదురుగానే మందు వేసుకుంది. ఒక చుక్క వేసి, కన్ను గట్టిగా చికిలించి, మింగి చూసింది. రాలేదని ఇంకొకటి వేసింది. మళ్లీ ఇంకొకటి. సగం మందు చెంప మీదుగా కారి జాకెట్టు తడిసింది. చివరికి గుటక వేసి తృప్తిగా, "ఆఁ, దిగింది. ఇంక సాలు" అంది.

"ఏం దిగిందప్పా?"

"సేదు. సేదు తగిలిందంటే మందు ఒంటికి పట్టినట్టే కదేటి?"

ఆవిడ చిన్నప్పుడు జ్వరం వస్తే నేలవేము నూరి నోట్లో పోసేవారు, కడుపులో బాగోకపోతే వేపచిగురు నమిలించేవారు. మా అమ్మ కూడా మాకు అదే చేసింది. మందంటే చేదు, చేదంటే మందు. ఆ లెక్కలో పెరిగిన మనిషికి, చేదు రాకుండా ఉంటేనే మందు పని చేస్తున్నట్టు అని చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. ఆ రోజు మాత్రం కోపం వచ్చింది. సీసా లాక్కుని, "రేపటి నుంచి నేనేస్తాను, నువ్వు ముట్టుకోవద్దు" అన్నాను. ఆవిడ మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. "ఓలమ్మ! గుంటకి ఏటి కోపమే" అని నవ్వింది గానీ, మాటకు కట్టుబడింది.

అలా రోజూ సాయంత్రం, ఊరికి వెళ్లే ఆటో ఎక్కేముందు నేనే ఆవిడ కళ్లలో మందు వేసేదాన్ని. ముక్కాలిపీట మీద కూర్చుని తల నా పొట్టకు ఆనించేది. చుక్క వేసి, రెండు మూలలూ నా బొటనవేలూ చూపుడువేలూ పెట్టి నొక్కేదాన్ని. పని లేకుండా అంతసేపు కూర్చోవడం ఆవిడకు చేతకాదు. అందుకని కళ్లు మూసుకునే బజారు కబుర్లు అడిగేది. "ఎవులెల్తన్నారే ఈదిలో?" నేను చెప్పేదాన్ని. శెట్టిగారి కోడలు వెళ్తోందంటే, "ఆ పచ్చ జాకెట్టేనా తొడిగింది? వీపు మీద ముడతొస్తందా?" అనేది. రావట్లేదంటే మురిసిపోయేది. ఆవిడ ముఖం అంత ప్రశాంతంగా ఇంకెప్పుడూ ఉండేది కాదు. నా జీవితంలో నన్ను అంతగా నమ్మి తల వాల్చిన మనిషి ఇంకొకరు లేరు.

అప్పుడప్పుడూ గొణిగేది. "ఈ మద్దెన సేదు రాట్లేదే."

"రాకూడదప్పా. రాలేదంటే మందు కంట్లోనే ఉన్నట్టు."

"అలాగేనమ్మా" అనేది. నేను నవ్వేదాన్ని.

తరువాత నాకు పెళ్లి కుదిరి ఎచ్చెర్ల వచ్చేశాను. వచ్చేముందు ఆవిడ తన కత్తెర నా చేతిలో పెట్టింది. నేను ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను, రోజూ మందు వేసుకుంటానని, మూల నొక్కి పట్టుకుంటానని. ఫోనులో ఎప్పుడడిగినా ఒకే జవాబు. "ఏసుకుంటన్నానే. నువ్వు సెప్పినట్టే, మూల నొక్కీ. నన్నడిగే బదులు నీ మొగుడికి కూరొండుకో."

నేను కడుపుతో ఉండగా పుట్టింటికి వచ్చి, ఆవిడను చూద్దామని చీపురుపల్లి వెళ్లాను. గుమ్మంలో నిలబడి పలకరించకుండా చూస్తున్నాను. అప్ప మిషను ముందు కూర్చుని ఉంది, మిషను నడవడం లేదు. నా వైపే తిరిగి, "ఎవులమ్మా? ఆది జాకెట్టు తెచ్చారా?" అంది. కొలతకోసం తెచ్చే పాత జాకెట్టును ఆది అంటాం. నన్ను పట్టుకుని ఆది అడుగుతోంది మా అప్ప. నేను గొంతు విప్పాకే గుర్తుపట్టింది.

హుక్కులు తీసుకుందామని ఆవిడ గుండీల డబ్బా తెరిచాను. అందులో మందు సీసాలు ఉన్నాయి, మూత సీలు కూడా తెంపకుండా. ఆవిడ తమ్ముడు కొని పంపినవి వచ్చినవి వచ్చినట్టే పడేసింది.

"మందు మానేశావా అప్పా?"

"మానీనాను."

"ఎందుకు? ఒట్టు వేశావు కదా నాకు!"

"నువ్వు సెప్పినట్టే సేసినానే గుంటా. సేతులు కడుక్కుని, ఒక్కటే సుక్కేసి, మూల నొక్కి పట్టుకున్నాను. ఒక్క రోజు తప్పలేదు. సేదే రాలేదు. ఎన్నాళ్లు సూస్తాను? మందు సచ్చిపోనాది అనుకున్నాను. సేదు రాని మందు ఏసుకుని ఏటి లాభం?"

నేను ఏడుస్తూనే అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. జీవితమంతా ఎవరి మాటా వినని మనిషి, ఒక్కసారి నా మాట విని, అక్షరం తప్పకుండా పాటించి, సరిగ్గా చేసింది కాబట్టే మానేసింది. ఈ కోపం ఎవరి మీద చూపించాలో నాకు ఇప్పటికీ తెలియదు. నర్సమ్మ చెప్పింది నిజం. నేను చెప్పింది నిజం. అప్ప చేసిందీ నిజమే.

నేను అరవడం అయిన తరువాత చెయ్యి చాచి నా పొట్ట తడిమింది. అక్కడి నుంచి ప్రక్కకు వచ్చి, నా జాకెట్టు కుట్టు పట్టుకుని వేళ్లతో నలిపి చూసింది.

"ఇది నాను కుట్టిందేనా? బిగుతైపోనాది కదే, ఊపిరెలా ఆడతందే నీకు? ఇప్పేసి ఇలా తే."

చీర కప్పుకుని జాకెట్టు తీసి ఇచ్చాను. చూపు లేని ఆ వేళ్లతో కుట్టు వెతికి, దారం కొస దొరకబుచ్చుకుని మెల్లగా లాగింది. ఒక్క పోగు చిరగలేదు. లోపల తను వదిలిన బట్ట అలాగే ఉంది. దాన్ని బయటికి లాగి సరిచేసి, "కుట్టు నువ్వేసీ. నాకు గీత కనబడదు" అంది. ఆ మిషను మీద నేనే కుట్టుకున్నాను. పక్కన కూర్చుని మిషను చప్పుడు వింటూ, "నెమ్మదే, పారిపోదు" అంటూనే ఉంది.

మళ్లీ విజయనగరం తీసుకెళ్లాం. వెలుగు మాత్రం తెలుస్తుంది, అంతకుమించి ఆశ లేదన్నారు. నొప్పి రాకుండా చుక్కలు వేస్తూ ఉండమన్నారు. కొట్టు మూసేశారు. శ్రీముఖలింగం దగ్గర ఉన్న తమ్ముడి ఇంటికి ఆవిడ వెళ్లిపోయింది. తమ్ముడూ మరదలూ మంచివాళ్లే, బాగానే చూసుకున్నారు. కానీ చేతిలో బట్ట లేకుండా కూర్చున్న అప్పను చూడటం నా వల్ల అయ్యేది కాదు. కొంగు అంచు పట్టుకుని దాని కుట్టునే వేళ్లతో తడుముకుంటూ ఉండేది.

నేను ఆఖరిసారి వెళ్లినప్పుడు వంశధార వైపు నుంచి గాలి వస్తోంది. అరుగు మీద చాప వేసి, పాత రోజుల్లోలాగే ఆవిడ తల నా ఒడిలో పెట్టుకుని మందు వేశాను. రెండు మూలలూ నొక్కి పట్టుకున్నాను. వీధిలో ఎవరెళ్తున్నారని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"గుంటా."

"ఊఁ."

"ఆ ఏలు తియ్యే."

"ఎందుకప్పా?"

"ఒక్కపాలి సేదు రానీ."

మందు వృథా అవుతుందని ఆ క్షణంలో కూడా నా నోటి దాకా వచ్చింది. కానీ ఏం మిగిలిందని వృథా అవడానికి? వేళ్లు తీసేశాను. కాసేపు ఎదురు చూసింది. తరువాత గుటక వేసింది. ముఖం చిట్లించి, అలాగే నవ్వింది.

"ఆఁ, వొచ్చింది. రేపటికి కాసింత కనబడతాది సూడూ."

నన్ను ఆట పట్టించడానికి అందో, నిజంగానే నమ్మి అందో నాకు అర్థం కాలేదు. "అలాగేనమ్మా" అన్నాను. ఆవిడకు ఆ మాట వినగానే తెలిసిపోయి ఉంటుంది. నా మోకాలి మీద ఒక్కటి చరిచి గట్టిగా నవ్వింది. ఆ వానాకాలంలోనే పోయింది.

ఆవిడ పోయిన దగ్గర నుంచి ఏటా నేను కళ్లు పరీక్ష చేయించుకుంటున్నాను. సూదిలో దారం బాగానే ఎక్కుతోంది కదా, ఎందుకీ ఖర్చు అని ఇంట్లో అంటే విననట్టు ఊరుకుంటాను. కిందటేడు డాక్టరు, ఒత్తిడి పెరిగింది, చూపు ఇంకా ఏమీ పోలేదు, వేళకు వచ్చావు అన్నాడు. మా ఆయన కంగారు పడ్డాడు. నాకు మాత్రం అప్ప నా కోసం కూడా లోపల కాసింత బట్ట వదిలి వెళ్లినట్టే అనిపించింది. ఆవిడ చూపు పోకపోయి ఉంటే నేను ఏ ఆసుపత్రి గడపా ఎక్కేదాన్ని కాదు. ఇది తలుచుకుంటే ఆనందం రాదు. ఏడుపే వస్తుంది.

గొంతులో చేదు ఇంకా పోలేదు. పక్కనే చెంబుతో నీళ్లున్నాయి, తాగితే పోతుంది. తాగబుద్ధి కాలేదు. తనంతట తను దిగేదాకా ఉండనిచ్చాను. తరువాత చేతులు మళ్లీ కడుక్కుని, తల వెనక్కి వాల్చి, ఎడమ కంట్లో ఒకే ఒక్క చుక్క వేసుకున్నాను. రెప్ప మూసి, మూల మీద వేలు గట్టిగా ఆనించాను. గుమ్మంలో ఎవరో పిలిచారు. ఈసారి కదల్లేదు. వీధిలో ఆటోల చప్పుడు, ఆడపిల్లల నవ్వులు. చాలాసేపు అలాగే కూర్చుని, గుటక వేసి చూశాను.

చేదు రాలేదప్పా. మందు కంట్లోనే ఉంది.